వేరేవాళ్ల వాక్యం మీ పేపర్‌లోకి ఎలా వస్తుంది, ఎలా పట్టుకోవాలి: రీసెర్చ్ స్కాలర్లకు మెట్టు మెట్టుగా

"సార్, 38 వచ్చింది. ఎల్లుండి సబ్మిషన్. ఎలాగైనా 10 లోపలికి దించాలి."

యూనివర్సిటీ లైబ్రరీలో సిమిలారిటీ రిపోర్టులు (థీసిస్‌లో ఎంత శాతం రాత వేరే రచనలతో కలుస్తోందో చూపేవి) తీసే సీట్లో కూర్చున్నవాళ్లకి ఈ మాట కొత్త కాదు. సాయంత్రం నాలుగున్నరకి పెన్‌డ్రైవ్ పట్టుకుని వస్తారు. డాక్టర్ దగ్గర బీపీ ఎంతుందని అడిగినట్టు నంబర్ ఎంతుందని అడుగుతారు. ఆ "దించడం" అనే మాటే నాకు నచ్చదు. జ్వరం తగ్గాలని థర్మామీటర్‌ని చన్నీళ్లలో ముంచినట్టుంటుంది.

38 శాతం వచ్చిన థీసిస్‌లో సగానికి పైగా ఏ తప్పూ లేని మ్యాచ్‌లే ఉండొచ్చు. 6 శాతం వచ్చినదాంట్లో రెండు పేజీలు అచ్చంగా వేరేవాళ్లవి ఉండొచ్చు. రెండూ చూశాను. అందుకే నంబర్ దించే చిట్కాలు ఇక్కడ చెప్పను. ఒకరి వాక్యం పేరు లేకుండా మీ పేపర్‌లోకి ఏ దారిన వస్తుందో, ఆ దారి ఎక్కడ మూయాలో, వచ్చేసినదాన్ని ఎలా పట్టుకోవాలో, అచ్చయిపోయాక ఏం చేయాలో వరసగా చెబుతాను. ఉదాహరణలకి నీళ్లలో ఫ్లోరైడ్ టాపిక్ తీసుకుంటున్నాను. మన రెండు రాష్ట్రాల్లో కెమిస్ట్రీ, జియాలజీ డిపార్ట్‌మెంట్లలో ఎవరో ఒక స్కాలర్ ఎప్పుడూ దీని మీదే ఉంటారు.

మొదటి మెట్టు: నోట్స్ రాసేటప్పుడే విడదీయండి

కావాలని దొంగిలించేవాళ్లు తక్కువ. ఎక్కువమంది నోట్స్ దగ్గర పడిపోతారు. పీహెచ్‌డీ మొదటి ఏడాది పీడీఎఫ్‌లు చదువుతూ, నచ్చిన వాక్యాలు కాపీ చేసి ఒకే వర్డ్ ఫైల్‌లో పేస్ట్ చేస్తారు. మధ్యలో సొంత మాటలు కూడా రాసుకుంటారు. మూడేళ్ల తర్వాత ఆ ఫైల్ తెరిస్తే ఏది ఎవరిదో రాసినవాళ్లకే గుర్తుండదు. అది కాస్తా రెండో అధ్యాయం అయిపోతుంది.

దీనికి మందు సులువే. నోట్స్‌లో మూడు రకాల రాత పెట్టుకోండి. ఉన్నది ఉన్నట్టు దించినదానికి కోట్ గుర్తులు, పక్కనే రచయిత, సంవత్సరం, పేజీ. మీ మాటల్లో చెప్పిన వాళ్ల విషయానికి కోట్ గుర్తులు ఉండవు కానీ రచయిత, సంవత్సరం ఉంటాయి. పూర్తిగా మీ ఆలోచన అయితే ముందు "నా" అని రాసుకోండి. నాకు తెలిసిన ఒక స్కాలర్ కాపీ చేసిన ప్రతి ముక్కకీ ఎర్ర రంగు వేసేవాడు. ఆ ఎరుపు పోయేదాకా ఆ ముక్క చాప్టర్‌లోకి వెళ్లేది కాదు. పాత ఫైల్ ఇప్పటికే కలగాపులగం అయిపోయి ఉంటే, అనుమానం వచ్చిన ప్రతి వాక్యంలోంచి ఏడెనిమిది మాటల ముక్క తీసి కోట్ గుర్తుల్లో పెట్టి గూగుల్ స్కాలర్‌లో వెతకండి. విసుగు పుట్టే పనే. రెండు రోజుల్లో అయిపోతుంది.

రెండో మెట్టు: ఏ భాగంలో ఏది కాపీ అవుతుందో తెలుసుకోండి

పేపర్‌లో అన్ని భాగాలూ ఒకటి కాదు. ఇంట్రడక్షన్ అన్నిటికంటే ఎక్కువ కాపీ అయ్యేది. రిజల్ట్స్‌లో అంకెలు మీవి కాబట్టి వాక్యం కూడా మీదే అవుతుంది, అక్కడ గొడవ తక్కువ. డిస్కషన్‌లో కాపీ అయితే మాత్రం తీవ్రం, ఎందుకంటే అక్కడ మీ పేరుతో వెళ్లేది వేరేవాళ్ల తర్కం.

ఇంట్రడక్షన్‌లో ఇంకో రకం ఉంది, దాన్ని సాఫ్ట్‌వేర్ పట్టదు. ఫ్లోరోసిస్ మీద రాసే పేపర్లలో చాలావాటిలో "మన దేశంలో ఈ జబ్బును 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు ప్రాంతంలో గుర్తించారు" అనే వాక్యం, పక్కన షార్ట్, ఆయన సహచరులు ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాసిన పేపర్ రిఫరెన్స్ ఉంటాయి. ఆ పేపర్ తెరిచినవాళ్లు ఎంతమంది? వాక్యం, రిఫరెన్స్ రెండూ కలిపి ఇంకొకరి పేపర్ నుంచి ఎత్తుకొస్తారు. అక్కడ స్పెల్లింగ్ తప్పుంటే ఇక్కడా తప్పే, పేజీ నంబర్ తప్పుంటే ఇక్కడా తప్పే. ఆ తప్పే చదివేవాళ్లకి మిమ్మల్ని పట్టిస్తుంది. ఆ గెజెట్ పాత సంచికలు పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉచితంగా చదవొచ్చు. తెరిచి చదివి రాయండి. దొరక్కపోతే "ఫలానావారు ఉటంకించిన ప్రకారం" అని నిజం రాయండి. అందులో నామోషీ ఏమీ లేదు.

ఇక మెథడ్స్. ఇక్కడ స్కాలర్లు గట్టిగా వాదిస్తారు: "పద్ధతి ఒకటే కదా సార్, వేరే మాటల్లో ఎలా రాస్తాం?" కొంతవరకు నిజమే. ఫ్లోరైడ్ కొలిచే అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్ పేరు మార్చలేరు, శాంపిల్‌లో కలిపే బఫర్ ద్రావణం పేరు మార్చలేరు. అలాంటి చిన్న చిన్న పోలికల మీద తెలివైన ఎడిటర్ ఎవరూ గొడవ పెట్టరు. కానీ పేరాకి పేరా ఎత్తుకొస్తే వచ్చే అసలు ప్రమాదం వేరు. ఒకసారి ఒక డ్రాఫ్ట్‌లో "నీటి శాంపిళ్లను పరీక్ష దాకా 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర భద్రపరిచాము" అని ఉంది. ఆ పేరా మొత్తం రిపోర్టులో ఒకే రంగులో వెలుగుతోంది.

"మీ ల్యాబ్‌లో ఫ్రిజ్ ఎక్కడుందమ్మా?" అని అడిగాను.

"రిపేర్‌లో ఉంది సార్. ఏడాదైంది."

చూశారా, ఆ వాక్యం కాపీ మాత్రమే కాదు, అబద్ధం కూడా. వేరే ల్యాబ్‌లో జరిగిన పని మీ ల్యాబ్‌లో జరిగినట్టు రాశారు. తమాషా ఏమిటంటే, నీటి పరీక్షల ప్రామాణిక పద్ధతుల ప్రకారం ఫ్లోరైడ్ శాంపిల్‌కి ప్లాస్టిక్ సీసా ఉంటే చాలు, చల్లగా ఉంచాల్సిన పనే లేదు, 28 రోజుల్లోపు కొలిస్తే సరి. ఆ అమ్మాయి తను చేసిన పనిని చేసినట్టు రాసి ఉంటే ఏ ఇబ్బందీ లేకపోయేది. కాబట్టి మెథడ్స్ రాసేటప్పుడు ఎదురుగా వేరేవాళ్ల పేపర్ పెట్టుకోకండి, మీ ల్యాబ్ నోట్‌బుక్ పెట్టుకోండి. ఎన్ని బోర్లు, ఏ నెల, ఎన్ని మిల్లీలీటర్ల సీసా, బఫర్ ఎంత కలిపారు, ఎన్నిసార్లు కొలిచారు. అదంతా రాస్తే వాక్యం దానంతటదే మీదవుతుంది. పద్ధతి ఎవరిదో వాళ్ల రిఫరెన్స్ ఇచ్చి, మీరు మార్చింది ఏమిటో చెప్పండి.

మూడో మెట్టు: పారాఫ్రేజ్ (సొంత మాటల్లో చెప్పడం) అంటే మాటలు మార్చడం కాదు

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే కాబట్టి ఒకే వాక్యం తీసుకుని నెమ్మదిగా చూద్దాం. పేపర్లు ఇంగ్లీషులో ఉంటాయి, సౌలభ్యం కోసం తెలుగులో చూపిస్తున్నాను. వాక్యాలు ఉదాహరణ కోసం నేను అల్లినవి.

మూలం ఇలా ఉందనుకోండి: "గట్టి రాతి నేలల్లో భూగర్భజలం లోతుకు వెళ్లేకొద్దీ శిలలతో ఎక్కువ కాలం కలిసి ఉండటం వల్ల అందులో ఫ్లోరైడ్ పెరుగుతుంది."

మామూలుగా స్కాలర్ చేసే పని ఇది: "కఠిన శిలా ప్రదేశాల్లో భూజలం అడుక్కి పోయిన కొద్దీ రాళ్లతో దీర్ఘకాలం సంపర్కంలో ఉన్నందున దానిలో ఫ్లోరైడ్ అధికమవుతుంది." సాఫ్ట్‌వేర్ దీన్ని వదిలేయొచ్చు. కానీ రెండు వాక్యాలూ ఒకదాని కింద ఒకటి పెట్టి చూడండి. ఎముకల గూడు అదే, చొక్కా మార్చారంతే. రిఫరెన్స్ లేకపోతే ఇది దొంగతనం. రిఫరెన్స్ పెట్టినా ఇది మీ రాత కాదు, అతుకుల బొంత.

ఇప్పుడు ఇది చూడండి: "బోరు ఎంత లోతుంటే ఫ్లోరైడ్ అంత ఎక్కువ అని ఫలానావారు [7] గమనించారు. నీరు రాతిని అంటిపెట్టుకుని ఉండే కాలం దీనికి కారణమని వారి వాదన. మేము తీసుకున్న బోర్లన్నీ 30 మీటర్ల లోపువే కావడంతో ఈ తేడా మా డేటాలో బయటపడే అవకాశం తక్కువ."

తేడా ఎక్కడుంది? మూడోది రాసిన మనిషికి ఆ విషయం తన పేపర్‌లో ఎందుకు కావాలో తెలుసు. ఎవరు చెప్పారో, ఏది గమనించినదో, ఏది వాదనో విడదీశాడు. తన పనికి ముడిపెట్టాడు. ఈ వాక్యం ఇంకొకరి పేపర్‌లో ఉండే అవకాశమే లేదు.

చేసే పద్ధతి: మూలం రెండుసార్లు చదవండి. ట్యాబ్ మూసేయండి. లేచి టీ తాగి రండి, నిజంగానే చెబుతున్నాను. తిరిగొచ్చాక పక్క స్కాలర్‌కి తెలుగులో చెప్పండి: "ఒరేయ్, వీళ్లు ఏమంటున్నారంటే..." అని. అలా చెప్పగలిగితే మీకు అర్థమైనట్టు. చెప్పినదాన్నే ఇంగ్లీషులో రాయండి. అప్పుడు మూలం తెరిచి అంకెలు, పేర్లు సరిచూసుకోండి. చెప్పలేకపోతే రాయడం మానేసి మళ్లీ చదవండి. మన దగ్గర కాపీకి పెద్ద కారణం దురుద్దేశం కంటే ఇంగ్లీషు భయమే అని నా అనుభవం. తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లలు "నా ఇంగ్లీషు బాగోదు, వాళ్లది బాగుంది" అని ఎత్తుకొస్తారు. చిన్న చిన్న మామూలు వాక్యాలు రాయండి. ఎడిటర్‌కి సాదా ఇంగ్లీషుతో పేచీ లేదు, వ్యాకరణం తప్పులు ఎవరైనా దిద్దిపెడతారు.

మూలంలో మాటే ముఖ్యమైనప్పుడు, అంటే ఒక నిర్వచనమో, చట్టంలోని వాక్యమో అయినప్పుడు, కోట్ గుర్తుల్లో పెట్టి యథాతథంగా ఇవ్వండి. సైన్స్ పేపర్లలో ఇది ఎక్కువ చేయరు కానీ తప్పేమీ కాదు.

నాలుగో మెట్టు: మీ సొంత పాత పేపర్ నుంచి తీసుకుంటే

"నాదే కదా, నేను నా నుంచి దొంగిలించడమేంటి?" అని అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. సమస్య చదివేవాళ్ల వైపు నుంచి ఉంది: పాతది కొత్తదిగా చూపిస్తే ఒకే పనికి రెండుసార్లు లెక్క వస్తుంది. యూజీసీ 2020 ఏప్రిల్‌లో ఇచ్చిన నోటీసులో ముందే అచ్చయిన సొంత రచనను సరైన సైటేషన్ లేకుండా మళ్లీ వాడటం ఆమోదయోగ్యం కాదని స్పష్టంగా చెప్పింది.

దీన్ని రెండుగా చూడాలి. ఒకే డేటాను, ఒకే ఫలితాన్ని ఇంకో జర్నల్‌కి కొత్త పేపర్‌లా పంపడం తప్పు, అందులో మాట్లాడటానికేం లేదు. కానీ ఒకే ప్రాజెక్టులో రెండో పేపర్ రాస్తూ మెథడ్స్‌లో పాత పేరా వాడుకోవడం, లేదా అచ్చయిన పేపర్‌ను థీసిస్‌లో అధ్యాయంగా పెట్టడం చాలా చోట్ల నడుస్తుంది, చెప్పి చేస్తే. చెప్పడం అంటే ఇంతే: "ఈ అధ్యాయంలోని పద్ధతుల భాగం మా ముందు పేపర్ [12] నుంచి స్వల్ప మార్పులతో తీసుకున్నది." ఒక్క వాక్యం. అధ్యాయం మొదట్లో పెట్టండి. పేపర్ కాపీరైట్ పబ్లిషర్ పేరు మీద ఉంటే థీసిస్‌లో వాడుకోవచ్చో లేదో వాళ్ల సైట్‌లో చూసుకోండి. చాలామంది ఒప్పుకుంటారు. మీ యూనివర్సిటీ సొంత పేపర్లను రిపోర్టు నుంచి మినహాయించడానికి గైడ్ సర్టిఫికెట్ అడుగుతుందేమో ముందే కనుక్కోండి, ఆఖరి రోజున సంతకం కోసం గైడ్ వెంట పడే అవస్థ తప్పుతుంది.

ఐదో మెట్టు: రిపోర్టు తీయించి, చదవండి

చదవండి అని నొక్కి చెబుతున్నాను. చాలామంది మొదటి పేజీలో నంబర్ చూసి ఫైల్ మూసేస్తారు.

ముందు ఎక్కడ తీయించాలి? యూనివర్సిటీ లైబ్రరీలకు సేవలందించే ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ వారి శోధ్‌శుద్ధి కార్యక్రమం కింద 2019 నుంచి యూనివర్సిటీలకు ఈ సాఫ్ట్‌వేర్ అందుతోంది. మొదట ఉర్కుండ్ ఉండేది, తర్వాత డ్రిల్‌బిట్ వచ్చింది. జర్నళ్లు ఎక్కువగా పబ్లిషర్ల ఉమ్మడి సంస్థ క్రాస్‌రెఫ్ ద్వారా ఐథెంటికేట్ అనే సాఫ్ట్‌వేర్ వాడతాయి. ఒక్కో సాఫ్ట్‌వేర్ దగ్గర ఉన్న పేపర్ల గుట్ట వేరు కాబట్టి ఒకే థీసిస్‌కి ఒక్కోదాంట్లో ఒక్కో నంబర్ వస్తుంది. కంగారు పడకండి. లైబ్రరీ ద్వారానే తీయించుకోండి. ఫ్రీ అని కనిపించే సైట్లలో డ్రాఫ్ట్ పెట్టకండి, అది ఎక్కడికి పోతుందో మీ చేతిలో ఉండదు. లైబ్రరీలో కూడా డ్రాఫ్ట్‌ని రిపాజిటరీలో, అంటే సాఫ్ట్‌వేర్ పోల్చి చూసే నిల్వలో, దాచకుండా చెక్ చేయమని అడగండి. లేకపోతే రెండోసారి మీ థీసిస్ మీ థీసిస్‌తోనే మ్యాచ్ అయి 100 దగ్గరికి వెళుతుంది. ఆ రిపోర్టు చూసి ఒకాయనకి నా ఎదురుగానే కళ్లు తిరిగాయి.

సెట్టింగ్స్‌లో రిఫరెన్సులు, కోట్ గుర్తుల్లో ఉన్నవి తీసేయాలి. యూజీసీ 2018 నిబంధనలు వీటితో పాటు విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు, సాధారణ పదాలు, చట్టాలు, ప్రామాణిక సమీకరణాలు లెక్కలోకి తీసుకోవద్దన్నాయి. వరసగా 14 మాటల వరకు కాకతాళీయంగా కలిసిన సాధారణ వాక్యభాగాలనూ వదిలేశాయి.

మిగిలినదానికి ఆ నిబంధనల్లో మెట్లున్నాయి. 10 శాతం వరకు శిక్ష లేదు. 10 దాటి 40 దాకా అయితే గరిష్ఠంగా 6 నెలల లోపు సవరించి ఇవ్వాలి. 40 దాటి 60 దాకా అయితే ఏడాది పాటు సవరించిన ప్రతి ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. అధ్యాపకుల పేపర్లకీ శిక్షలున్నాయి: మాన్యుస్క్రిప్ట్ వెనక్కి తీసుకోవడంతో మొదలై, పై మెట్లలో ఇంక్రిమెంట్ ఆగిపోవడం, రెండు మూడేళ్లు గైడ్‌గా ఉండకుండా ఆపడం దాకా. మొదట చెప్పిన 38 వచ్చిన స్కాలర్‌కి దారి మూసుకుపోలేదన్నమాట. ఎల్లుండి సబ్మిషన్ మాత్రం కుదరదు.

ఇప్పుడు 10 అనే గీత గురించి నా అభిప్రాయం. అది పరిపాలనకి అవసరమైన గీత, తప్పొప్పులకి గీత కాదు. 200 పేజీల థీసిస్‌లో 1 శాతం అంటే రెండు పేజీలు. ఒకే మూలం నుంచి రెండు పేజీలు ఎత్తుకొస్తే మొత్తం నంబర్ 4 వచ్చినా అది కాపీయే. కాబట్టి మొత్తం నంబర్ తర్వాత చూడండి, మూలాల జాబితాలో పైనున్న పదింటిని ముందు చూడండి. ఒక్కొక్క రంగు ముక్క దగ్గర ఆగి మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది అందరూ ఇలాగే రాసే మామూలు వాక్యమా? పరికరం పేరు, కాలేజీ అడ్రస్, "ఫలితాలు సగటు, ప్రామాణిక విచలనంగా ఇవ్వబడ్డాయి" లాంటివి వదిలేయండి. ఇది నా పాత పేపరా? అయితే నాలుగో మెట్టు చెప్పినట్టు ఒప్పుకోండి. ఇది ఇంకొకరి వాక్యమా? అయితే మూడో మెట్టుకి వెళ్లి కొత్తగా రాయండి.

ఒక మోసం ఉంటుంది, జాగ్రత్త. రిపోర్టు చూపించే మూలం అసలు మూలం కాకపోవచ్చు. మీరు ఎప్పుడూ చూడని ఏదో కాలేజీ ప్రాజెక్ట్ రిపోర్టుతో మ్యాచ్ అని చూపిస్తుంది. "నేను దీన్ని చూడనే లేదు" అని మీరు కోపం తెచ్చుకుంటారు. ఆ ప్రాజెక్టూ మీరూ ఒకే పాత పేపర్ నుంచి తీసుకుని ఉంటారు. ఆ పాత పేపర్‌ని వెతికి దానికే క్రెడిట్ ఇవ్వండి.

రిపోర్టు చూడలేనివీ ఉన్నాయి: బొమ్మగా ఉన్న టేబుల్, గ్రాఫ్, వేరే భాష నుంచి అనువదించిన పేరా, ఎత్తుకొచ్చిన ఆలోచన. వీటికి మీ మనసే సాఫ్ట్‌వేర్.

ఆరో మెట్టు: ఈ పనులు మాత్రం చేయకండి

పక్క కంప్యూటర్ సెంటర్‌లో "పర్సెంటేజ్ తగ్గించబడును" అని బోర్డు పెట్టి పేజీకి ఇంత అని తీసుకుంటారు. వాళ్లు చేసేది ఏమిటంటే, మాటలకి పర్యాయపదాలు పెట్టే టూల్‌లో మీ థీసిస్ వేయడం. దీని ఫలితం ప్రపంచమంతా నవ్వుకుంది. 2021లో గియోమ్ కబనాక్, సిరిల్ లాబె, అలెగ్జాండర్ మగజినోవ్ అనే ముగ్గురు అచ్చయిన పేపర్లలో ఇలాంటి వింత పదాలు వెతికి బయటపెట్టారు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ కాస్తా "కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్" అయింది, అంటే దొంగ స్పృహ. బిగ్ డేటా "కొలోసల్ ఇన్ఫర్మేషన్" అయింది. బ్రెస్ట్ క్యాన్సర్‌ని "బోసమ్ పెరిల్" అన్నారు. వీటికి వాళ్లు పెట్టిన పేరు టార్చర్డ్ ఫ్రేజెస్, హింసించిన పదబంధాలు. మన దగ్గర భూగర్భజలాన్ని "నేల కడుపు నీళ్లు" అని రాసినట్టు. కబనాక్ తయారు చేసిన స్క్రీనర్ ఇప్పుడు ఇలాంటి పదాల కోసం అచ్చయిన పేపర్లను జల్లెడ పడుతోంది. కాపీ పట్టుబడితే ఒక తప్పు, ఇది పట్టుబడితే దాచే ప్రయత్నం కూడా చేసినట్టు.

తెల్ల రంగు అక్షరాలతో కోట్ గుర్తులు పెట్టడం, ఇంగ్లీషు అక్షరాల మధ్య అదే ఆకారంలో ఉండే రష్యన్ అక్షరాలు పెట్టడం లాంటివీ ఉన్నాయి. సాఫ్ట్‌వేర్లు వాటినీ పట్టి జెండా ఎగరేస్తాయి. అంత తెలివి రాయడం మీద పెడితే పేపర్ అయిపోయేది.

చాట్‌జీపీటీ లాంటివాటితో తిరగరాయించడం కూడా ఇదే కోవలోకి వస్తుంది, కాకపోతే వాక్యం నున్నగా ఉంటుంది. వాక్యం మారినా ఆలోచన ఎవరిదో రిఫరెన్స్ లేకపోతే తప్పు తప్పే. పైగా అది లేని రిఫరెన్సులు కల్పించి ఇస్తుంది. వాడితే జర్నల్ నియమం చూసి ఎక్కడ వాడారో రాయండి. ఏఐ టూల్‌ని రచయితగా పెట్టకూడదని పరిశోధన ప్రచురణ నైతికత మీద పనిచేసే కోప్ సంస్థ 2023లోనే చెప్పింది.

ఏడో మెట్టు: పేపర్‌లో పేరున్న అందరూ ఒకసారి చదవాలి

పంపే ముందు సహరచయితలు ప్రతి పేరా దగ్గరా "ఇది ఎవరు రాశారు, ఎక్కడ నుంచి?" అని అడగాలి. గైడ్‌ని అలా అడగడం స్కాలర్‌కి కష్టం, నాకు తెలుసు. గైడే ఆ ప్రశ్న ముందు తనకి తను వేసుకుంటే సగం సమస్య తీరుతుంది.

ఇది ఊరికే చెప్పడం లేదు. 2011లో అడ్వాన్స్‌డ్ మెటీరియల్స్ జర్నల్‌లో గ్రాఫీన్ మీద వచ్చిన ఒక పేపర్‌కి ప్రసిద్ధ శాస్త్రవేత్త సి.ఎన్.ఆర్. రావు రచయితల్లో ఒకరు. అందులో కొన్ని వాక్యాలు అప్లైడ్ ఫిజిక్స్ లెటర్స్‌లో అంతకుముందు వచ్చిన వేరేవాళ్ల పేపర్‌లోనివని తేలింది. ఫలితాలు కాపీ అని ఎవరూ అనలేదు. పేపర్ రద్దు కాలేదు, రచయితల క్షమాపణ అచ్చయింది. అయినా దేశంలో ప్రతి పత్రికా దాని గురించి రాసింది. కొన్ని వాక్యాలే. అంతటి ల్యాబ్‌లో జరగగలిగితే మన ల్యాబ్‌లోనూ జరుగుతుంది. తప్పు ఒక విద్యార్థి రాసిన పేరాలో దొర్లినా, జవాబు చెప్పాల్సింది పేరున్న వాళ్లందరూ.

దీనికి రెండో చివర మన తిరుపతిలోనే ఉంది. శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఒక కెమిస్ట్రీ ప్రొఫెసర్ పేరుతో 2004 నుంచి 2007 మధ్య వచ్చిన దాదాపు 70 పేపర్ల మీద కాపీ, కల్పిత డేటా ఆరోపణలు 2008లో అమెరికా కెమికల్ సొసైటీ వారపత్రికలో పెద్ద కథనంగా వచ్చాయి. క్షమాపణతో పోయేది ఒకటి, పోనిది ఒకటి. ఈ రెండింటినీ "ప్లేజరిజం" (రచనా చౌర్యం) అని ఒకే మాటతో పిలవడం నాకెప్పుడూ సరిగా అనిపించదు.

ఎనిమిదో మెట్టు: ఇప్పటికే అచ్చయిపోతే

అచ్చయ్యాక మీ పేపర్‌లో రిఫరెన్స్ లేని పేరా మీకే కనిపించిందనుకోండి. మొదట సహరచయితలకి చెప్పండి. తర్వాత ఎవరూ ఫిర్యాదు చేయకముందే ఎడిటర్‌కి మెయిల్ రాయండి. ఏ పేజీ, ఏ పేరా, ఏ మూలం, ఎలా జరిగింది, డేటా మీద దీని ప్రభావం ఉందా లేదా. నాలుగు వాక్యాలు చాలు, కథలు వద్దు. రెండు మూడు వాక్యాలైతే సాధారణంగా సవరణ వేస్తారు. డిస్కషన్ మొత్తం అయితే పేపర్ వెనక్కి పోవచ్చు. "విద్యార్థి పొరపాటు" అని మెయిల్ మొదలుపెట్టే గైడ్‌లను చూశాను. ఎడిటర్ అది చదివి ఏమనుకుంటాడో ఊహించుకోండి.

తొమ్మిదో మెట్టు: మీ వాక్యాలు ఇంకొకరి పేపర్‌లో కనిపిస్తే

కోపం వస్తుంది, ఫేస్‌బుక్‌లో పెట్టాలనిపిస్తుంది. ఆగండి. ముందు ఆ పేపర్ పీడీఎఫ్ సేవ్ చేసుకోండి, రేపటికి మారిపోవచ్చు. రెండు నిలువు వరుసల పట్టిక గీయండి: ఎడమ మీ వాక్యం, పేజీ, తేదీ, కుడి వాళ్ల వాక్యం, పేజీ, తేదీ. ఒకేలా ఉన్న మాటలకి రంగు వేయండి. మీ తప్పు స్పెల్లింగ్, మీ తప్పు అంకె అక్కడ కూడా ఉంటే దాన్ని పైన పెట్టండి. అంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు. 2002లో స్టాన్‌ఫర్డ్ భౌతికశాస్త్రవేత్త రెనాటా కల్లోష్ రాసిన 1996 నాటి పేపర్‌ని, కుమావూన్ విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ సహరచయితగా ఉన్న పేపర్‌ని పక్కపక్కన పెట్టి చూపించారు. ముగ్గురు నోబెల్ గ్రహీతలతో సహా స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్లు రాష్ట్రపతి అబ్దుల్ కలామ్‌కి లేఖ రాశారు. విచారణ జరిగింది, ఆ వైస్ చాన్సలర్ పదవి వదులుకున్నారు. పక్కపక్కన పెట్టి చూపించడానికి అంత బలం ఉంటుంది.

ఆ పట్టికతో రెండో పేపర్ వేసిన జర్నల్ ఎడిటర్‌కి రాయండి, మీ జర్నల్ ఎడిటర్‌కి కాపీ పెట్టండి. మెయిల్‌లో "దొంగ" అనే మాట వాడకండి. "ఈ పోలికలు మీ దృష్టికి తెస్తున్నాను" అంటే చాలు. ఆ జర్నల్ కోప్ సభ్యురాలైతే ఇలాంటి ఫిర్యాదు వచ్చినప్పుడు ఏం చేయాలో ఫ్లోచార్ట్ వాళ్ల దగ్గర ఉంటుంది: పట్టిక చూడాలి, ఆ రచయితలని వివరణ అడగాలి, జవాబు రాకపోతే వాళ్ల సంస్థకి రాయాలి. ఫిర్యాదు చేసినవాళ్లకి ఫలితం చెప్పాలి.

ఇంకా అచ్చు కాని మీ మాన్యుస్క్రిప్ట్ పోవడం అరుదు, కానీ జరిగింది. బోస్టన్ టఫ్ట్స్ మెడికల్ సెంటర్‌కి చెందిన మైకేల్ డాన్సింగర్ బృందం పంపిన పేపర్‌ని ఒక జర్నల్ తిరస్కరించింది. దాన్ని రివ్యూ చేసిన మనిషే తన పేరుతో వేరే జర్నల్‌లో వేసుకున్నాడు. పేపర్ రద్దయింది. 2016లో డాన్సింగర్ "డియర్ ప్లేజరిస్ట్" అని మొదలయ్యే బహిరంగ లేఖ రాశారు. అలాంటి గతి పట్టినప్పుడు అక్కరకొచ్చేవి మీరు జర్నల్‌కి పంపినప్పుడు వచ్చిన ఆటోమేటిక్ మెయిల్, డ్రాఫ్టుల పాత వెర్షన్లు, ల్యాబ్ నోట్‌బుక్‌లో తేదీలు. సబ్మిట్ చేసిన రోజు వచ్చే ఆ మెయిల్‌ని ఎవరూ పట్టించుకోరు. ఒక ఫోల్డర్ పెట్టి దాచుకోండి. ఎడిటర్ నుంచి జవాబు రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. నెలకోసారి మర్యాదగా గుర్తు చేస్తూ, ఆ మెయిళ్లను కూడా అదే ఫోల్డర్‌లో వేసుకుంటూ వెళ్లండి.